ఒక్క రోజు, మూడు కొండలు: టస్కనీ వైన్ ఊళ్లు చుట్టి రావడం ఎలా

ఇటలీలోని టస్కనీ టూర్ అనగానే మనవాళ్ల ప్లాన్ చాలావరకు ఒకేలా ఉంటుంది. ఫ్లోరెన్స్‌కి రెండు రోజులు, పీసాలో వాలిన గోపురాన్ని చేత్తో ఆపుతున్నట్టు ఒక ఫోటో, మిగిలిన ఒక్క రోజులో "ఆ కొండల మీద వైన్ ఊళ్లన్నీ చూసేద్దాం". ఆ "అన్నీ" అన్న మాట దగ్గరే రోజు పాడవుతుంది. మ్యాప్‌లో చూస్తే ఊరికీ ఊరికీ మధ్య వేలెడు దూరమే. కానీ ప్రతి ఊరూ కొండ మీదే. కారు కింద పెట్టి ఎక్కాలి, మళ్లీ దిగాలి. మధ్యాహ్నమైతే ఊరు ఊరంతా తలుపులు వేసుకుంటుంది. మొదటిసారి మేం ఐదు ఊళ్లు రాసుకుని బయల్దేరాం. సాయంత్రానికి బాగా గుర్తున్నవి ఐదు పార్కింగ్ స్థలాలు.

అందుకే ఇక్కడ మూడే ఊళ్లు: పొద్దున మోంటెపుల్చానో, మధ్యాహ్నం పియెంజా, సాయంత్రం మోంటల్చీనో. మూడూ సియెనా జిల్లా దక్షిణ భాగంలో ఉన్నాయి. మొదటిదానికీ చివరిదానికీ మధ్య 40 కిలోమీటర్ల లోపే. రెండు చోట్ల వైన్, మధ్యలో జున్ను. ఫ్లోరెన్స్ నుంచి వెళ్లి తిరిగి వస్తే సుమారు 260 కిలోమీటర్లు, స్టీరింగ్ ముందు నాలుగున్నర నుంచి ఐదు గంటలు. సియెనాలో బస చేస్తే ఇందులో దాదాపు సగం మిగులుతుంది. వీలుంటే ముందు రోజు రాత్రికే సియెనా చేరిపొమ్మని నా సలహా.

మొదటి పని: తాళం ఎవరి చేతిలో?

హోటల్ బుక్ చేసే ముందే ఇది తేల్చుకోండి. ఇటలీలో బండి నడిపేవాళ్ల రక్తంలో ఆల్కహాల్ లీటరుకు 0.5 గ్రాములు దాటకూడదు. లైసెన్స్ వచ్చి మూడేళ్లు నిండని వాళ్లకి, 21 ఏళ్ల లోపు వాళ్లకి అసలు సున్నానే. బ్రునెల్లో అనే ఇక్కడి వైన్‌లో 14, 15 శాతం దాకా ఆల్కహాల్ ఉంటుంది. వైన్ నిలవ ఉంచే నేలమాళిగలో "రుచికి" అంటూ పోసే నాలుగు చిన్న గుక్కలు కలిపితే నిండు గ్లాసు దాటిపోతుంది. "కొంచెమే కదా" అన్న లెక్క ఇక్కడ పనికిరాదు. పైగా ఆ రోడ్లు మెలికల రోడ్లు, పక్కన పిట్టగోడ కూడా లేని చోట్లున్నాయి.

కాబట్టి ఆ రోజుకి తాగనివాళ్లు ఒకరు ఉండాలి. మన గుంపుల్లో ఇది కష్టమేమీ కాదు, తాగని బావగారో వదినగారో ఎప్పుడూ ఒకరుంటారు. వాళ్లకి ఈ రోజు బోర్ కొడుతుందని భయపడకండి. ఈ దారిలో చూడాల్సింది ఎక్కువ, తాగాల్సింది తక్కువ. అందరికీ తాగాలనే ఉంటే ఫ్లోరెన్స్ నుంచో సియెనా నుంచో డ్రైవర్‌తో సహా వ్యాన్ మాట్లాడుకోవచ్చు. నలుగురైదుగురు పంచుకుంటే కారు అద్దె, పెట్రోలు, టోలు, పార్కింగ్ కలిపిన దానికంటే మరీ భారం కాదు.

కారు లేకుండా వెళ్లాలంటే మూడు ఊళ్లూ ఒక రోజులో కుదరవు. రైల్లో కియూసి స్టేషన్‌లో దిగి బస్సులో మోంటెపుల్చానో, అక్కడి నుంచి మరో బస్సులో పియెంజా వెళ్లొచ్చు. అంతటితో సరిపెట్టుకోండి. ఆదివారాలు, పండగ రోజుల్లో బస్సులు బాగా తక్కువ.

రెండో పని: నెల, వారం

ఏప్రిల్, మే నెలల్లో ఈ కొండలు పచ్చగా ఉంటాయి. క్యాలెండర్లలో కనిపించే వాల్ దోర్చా లోయ అదే. జూన్‌లో గోధుమ పండి బంగారు రంగుకి తిరుగుతుంది. కోతలయ్యాక ఆగస్టుకల్లా దున్నిన బూడిదరంగు మట్టి తేలుతుంది. పచ్చదనం కోసం ఆగస్టులో వెళ్లిన వాళ్లు మోసపోయామంటారు, తప్పు నెలదే. ద్రాక్ష కోత సెప్టెంబరు నుంచి అక్టోబరు మొదట్లో దాకా సాగుతుంది. అప్పుడు ఊళ్లో పులుస్తున్న ద్రాక్షరసం వాసన వస్తుంది, కానీ తోటల వాళ్లకి మీతో మాట్లాడే తీరిక ఉండదు.

ఆగస్టు చివరి ఆదివారం మోంటెపుల్చానోలో పీపాల పందెం జరుగుతుంది. ఊరిలోని ఎనిమిది పేటల కుర్రాళ్లు, పేటకి ఇద్దరు చొప్పున, 80 కిలోల చెక్క పీపాని కిలోమీటరు పైనే ఎత్తు మీదికి దొర్లించుకుంటూ పరుగెడతారు. దాన్ని చూడ్డానికే వెళ్లేటట్టయితే వెళ్లండి. మామూలు షికారుకైతే ఆ రోజు మానుకోండి, కారు పెట్టడానికి చోటు దొరకదు.

వారంలో మంగళవారం నుంచి శుక్రవారం మధ్య ఏ రోజైనా మంచిదే. ఆదివారం మధ్యాహ్నం హోటళ్లు నిండిపోతాయి.

మూడో పని: కారు, రోడ్డు, జరిమానాలు

ఇండియా లైసెన్స్ ఉన్నవాళ్లు బయల్దేరే ముందే ఇక్కడి ఆర్టీఓ ఆఫీసులో ఇంటర్నేషనల్ డ్రైవింగ్ పర్మిట్ తీసుకోవాలి. అమెరికాలో ఉన్న మనవాళ్లకీ అది కావాలి. కారు అద్దెకిచ్చేవాళ్లు కొన్నిసార్లు అడగరు, రోడ్డు మీద పోలీసులు అడుగుతారు. బుక్ చేసేటప్పుడు ఆటోమేటిక్ అని స్పష్టంగా పెట్టకపోతే గేర్ల బండే చేతికొస్తుంది. కుడివైపు నడపడం, కుడిచేత్తో గేరు మార్చడం, ఆపైన కొండ మలుపు: ఈ మూడూ ఒకే రోజు నేర్చుకోవాలనుకోకండి.

కారుని ఫ్లోరెన్స్ ఊరి మధ్యలో తీసుకోవద్దు, ఎయిర్‌పోర్టు దగ్గర తీసుకోండి. సిటీ నుంచి అక్కడికి ట్రామ్ వెళ్తుంది. కారణం జెడ్‌టీఎల్. పాత ఊళ్ల నడిబొడ్డున స్థానికుల బండ్లకి మాత్రమే అనుమతి ఉన్న ప్రాంతాన్ని అలా పిలుస్తారు. తెల్ల బోర్డు మీద ఎర్ర వలయం కనిపిస్తే అక్కడ ఆగిపోవాలి. కొన్ని చోట్ల దాని కింద "వార్కో అత్తీవో" అని వెలుగుతూ ఉంటుంది. ద్వారం తెరిచే ఉందని చదువుకుని లోపలికి పోనిచ్చేవాళ్లు చాలామంది. దాని అర్థం సరిగ్గా తలకిందులు: కెమెరా పనిచేస్తోంది, రావద్దు. ఎవరూ ఆపరు, విజిల్ వేయరు. మాకు ఆ సంగతి ఇంటికి వచ్చిన నాలుగు నెలలకి ఉత్తరం ద్వారా తెలిసింది. జరిమానా ఒకటి, మా అడ్రసు పోలీసులకి ఇచ్చినందుకు కారు వాళ్లు కార్డు మీద గీసుకున్న రుసుము ఇంకొకటి. మనం చూడబోయే మూడు కొండ ఊళ్లకీ ఇదే పద్ధతి. కారు ఎప్పుడూ కోటగోడ బయటే.

పార్కింగ్‌కి గీతల రంగు చూడండి. తెల్ల గీతల్లో డబ్బు కట్టక్కర్లేదు, కానీ ఎంతసేపు ఉంచొచ్చో పక్క బోర్డు మీద రాసి ఉండొచ్చు. నీలం గీతలకి మెషిన్‌లో డబ్బు కట్టి, చీటీ అద్దం లోపల కనిపించేలా పెట్టాలి. పసుపు గీతలు మనవి కావు.

పెట్రోలుని "బెంజీనా" అంటారు, డీజిల్‌ని "గజోలియో". గ్యాస్ అన్న మాట వినిపించిందని అమెరికా అలవాటు కొద్దీ గజోలియో కొట్టించారో, ఆ రోజు అక్కడితో సరి. టోల్ రోడ్డు ఎక్కేటప్పుడు చీటీ తీసుకోండి, దిగేటప్పుడు డబ్బు కట్టండి. పసుపు రంగు వరుసలు ముందే పరికరం పెట్టించుకున్న బండ్లకి, వాటిలోకి వెళ్లొద్దు.

ఉదయం ఏడున్నరకి ఫ్లోరెన్స్ నుంచి బయల్దేరి ఏ1 హైవే మీద రోమ్ వైపు దక్షిణంగా వెళ్లి వాల్దికియానా దగ్గర దిగితే తొమ్మిదింపావుకి మోంటెపుల్చానో కింద ఉంటారు.

నాలుగో పని: మోంటెపుల్చానో, పొద్దున చల్లగా ఉన్నప్పుడే

మూడింట్లో ఎత్తైనది, ఎక్కువ ఎక్కించేది ఇదే. 600 మీటర్ల ఎత్తులో కొండ వీపు మీద పొడుగ్గా పరుచుకుని ఉంటుంది. అందుకే మొదట పెట్టాను. మధ్యాహ్నం ఎండలో భోంచేసి ఈ రాతి వీధి ఎక్కితే ఎవరికైనా ఇటలీ మీద విరక్తి పుడుతుంది.

ఊళ్లు కొండలెక్కి ఎందుకు కూర్చున్నాయంటే శత్రువుల భయం ఒకటే కాదు. కింద కనిపించే కియానా లోయ శతాబ్దాల పాటు చిత్తడి నేల, దోమలు, మలేరియా. ఇప్పుడు మీరు హైవే దిగి వచ్చిన ఆ చదును పొలాలన్నీ కాలవలు తవ్వి నీళ్లు మళ్లించి సాగులోకి తెచ్చినవే.

పోర్తా అల్ ప్రాతో అనే కింది ద్వారం దగ్గర కారు పెట్టి నడక మొదలుపెట్టండి. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లు తోడుంటే పైదాకా వెళ్లే చిన్న బస్సు ఉంది. వాళ్లని అందులో ఎక్కించండి, మొహమాటం వద్దు. మీరు కోర్సో అనే ప్రధాన వీధి పట్టుకుని పైకి వెళ్తుంటే ఒక గోపురం మీద తెల్ల బట్టల్లో ముసుగు వేసుకున్న విదూషకుడి బొమ్మ కనిపిస్తుంది. పేరు పుల్చినెల్లా. గంట గంటకీ గంట కొట్టేది వాడే. నేపుల్స్ నాటకాల్లోని పాత్ర, ఇంత ఉత్తరాన ఈ కొండ మీద కాపురం పెట్టింది. ఇంకాస్త పైకి వెళ్తే 1868 నుంచి నడుస్తున్న కఫే పోలిజియానో వస్తుంది. 1454లో ఈ ఊళ్లో పుట్టిన కవి పోలిజియానో పేరే దానికి పెట్టారు. లోపల కిటికీ పక్కన కూర్చుంటే లోయంతా కనిపిస్తుంది. కౌంటర్ దగ్గర నిలబడి తాగే కాఫీ చవక, కూర్చుంటే ఎక్కువ. ఇటలీ అంతటా ఇదే పద్ధతి.

పైన పియాజా గ్రాందె అనే పెద్ద కూడలి. ఒకవైపు ఫ్లోరెన్స్ పాత ప్రభుత్వ భవనానికి చిన్న తమ్ముడిలా మునిసిపల్ భవనం. ఎదురుగా ముఖం పూర్తి కాని పెద్ద చర్చి: గరుకు ఇటుకలే తప్ప పాలరాయి తొడగనే లేదు. బయటి అవతారం చూసి వెనక్కి తిరగొద్దు, లోపల ప్రధాన వేదిక మీద తద్దెయో ది బార్తోలో 1401లో వేసిన చిత్రముంది. కూడలి మూలన ఉన్న బావి మీద రెండు సింహాలు, గద్ద తల, సింహం ఒళ్లున్న రెండు గ్రిఫిన్లు, ఫ్లోరెన్స్‌ని ఏలిన మెదిచీ వంశం చిహ్నాన్ని ఎత్తి పట్టుకుని ఉంటాయి. సింహాలు ఫ్లోరెన్స్‌వి, రెక్కల గ్రిఫిన్లు ఈ ఊరివి. ఎవరికి ఎవరు లోబడ్డారో నీళ్లు తోడుకునే చోటే చెక్కి పెట్టారు.

ఇప్పుడు నేలమాళిగ. ఈ ఊరి అసలు సంగతి భూమి కింద ఉంది. కూడలి మీదున్న కొంతుచ్చి వాళ్ల భవనం కింద ఒకటి, కొంచెం దిగువన రిచ్చి భవనం కింద ఇంకొకటి, ఇలా పాత ఇళ్ల అడుగున రాతిలో తొలిచిన గదులు. రిచ్చి నేలమాళిగలో ఇటుక కమానులు ఎంత ఎత్తు లేస్తాయంటే తల ఎత్తి చూడాల్సిందే. మెట్లు దిగుతుంటే మూడో మలుపుకే చొక్కా చల్లబడుతుంది. వేసవిలో పైన 35 డిగ్రీలున్నా కింద ఆ చలువ మారదు, వైన్‌కి కావాల్సింది ఆ మారకపోవడమే. అటూ ఇటూ మనిషికంటే ఎత్తైన ఓక్ చెక్క పీపాలు, ఇనుప పట్టీలు, ఒక్కోదాని మీద సుద్దతోనో చిన్న పలక మీదో రాసిన అంకెలు. తడిసిన రాయి వాసన, పుల్లటి చెక్క వాసన కలిసిపోయి ఉంటాయి. నేల తడిగా ఉంటుంది, చెప్పులు జాగ్రత్త.

వైన్ రుచి చూసే పద్ధతి

ఇక్కడి పేరున్న వైన్ వీనో నోబిలె. సాంజోవేజె అనే ద్రాక్ష ఇందులో కనీసం 70 శాతం ఉండాలి. ఈ ఊళ్లో దాన్నే ప్రూన్యోలో జెంటీలె అంటారు. రెండేళ్లు నిలవ ఉంచితేనే ఆ పేరు పెట్టొచ్చు, మూడేళ్లయితే రిజెర్వా. దుకాణాల్లో "మోంటెపుల్చానో దబ్రుజ్జో" అన్న సీసా చూసి ఇదీ అదీ ఒకటే అనుకోకండి. అది అబ్రుజ్జో ప్రాంతపు వైన్, అక్కడ మోంటెపుల్చానో అన్నది ద్రాక్ష పేరు. ఈ ఊరికీ దానికీ సంబంధం లేదు.

వరుస ముఖ్యం. లేతది ముందు, ముదురుది తర్వాత: మొదట రోస్సో (తక్కువ కాలం నిలవ ఉంచిన లేత వైన్), తర్వాత నోబిలె, చివర రిజెర్వా. తిరగేస్తే రోస్సో నీళ్లలా అనిపిస్తుంది.

గ్లాసుని కాడ దగ్గర పట్టుకోండి. తెల్ల కాగితం వెనక పెట్టి వంచి చూస్తే అంచు దగ్గర రంగు తెలుస్తుంది. కొత్తదైతే ఎర్రగా, పాతబడే కొద్దీ ఇటుక రంగులోకి తిరుగుతుంది. చెర్రీ, ఎండు పళ్లు, తోలు, పొగాకు అంటూ వాళ్లు ఏవేవో వాసనలు చెబుతారు. మొదట్లో అంతా కల్పన అనుకున్నాను. ప్రకాశం జిల్లాలో పొగాకు బ్యారన్ల దగ్గర తిరిగిన వాళ్లకి మాత్రం పాత రిజెర్వా ముక్కు దగ్గర పెట్టగానే ఆ వాసన తడుతుంది.

గుక్క నోట్లో పెట్టుకుని మింగకుండా రెండు క్షణాలు అటూ ఇటూ తిప్పండి. ముందు పులుపు, దాని వెనకే చిగుళ్లు పట్టేసే వగరు. టానిన్ అని వాళ్లు అనేది మన వగరే. నేరేడు పళ్లు తిన్నాక నాలుక గరుకెక్కుతుందే, అదే. ద్రాక్ష తొక్క, గింజల నుంచి వచ్చే పదార్థం లాలాజలంలోని ప్రొటీన్‌ని పట్టుకోవడం వల్ల నోరు ఎండినట్టవుతుంది. మొదటిసారి తాగేవాళ్లు దీన్ని "చెడిపోయింది" అనుకుంటారు. పక్కన పెట్టిన జున్ను ముక్క కొరికి మళ్లీ తాగి చూడండి. వగరు మెత్తబడుతుంది, ఈసారి దానికి దొరికింది జున్నులోని ప్రొటీన్.

ఉమ్మడానికి చిన్న బకెట్ లాంటి పాత్ర పెడతారు. అందులో ఉమ్మడం అమర్యాద కాదు, రోజూ రుచి చూసే వాళ్లంతా చేసేదే. నచ్చకపోతే గ్లాసు అందులో వంపేయొచ్చు. కొనకపోయినా పర్లేదు, డబ్బు కట్టి రుచి చూసినప్పుడు మొహమాటం అక్కర్లేదు.

పన్నెండుంపావుకల్లా కారు దగ్గర ఉండాలి. పియెంజా వైపు బయల్దేరగానే ఊరి కింద, సైప్రస్ చెట్ల బాట చివర సాన్ బియాజో చర్చి వస్తుంది. అంతొనియో ద సాంగాల్లో 1518లో మొదలుపెట్టిన కట్టడం, తేనె రంగు రాయి, నాలుగు వైపులా సమానంగా చాచిన చేతులు. లోపల మూసి ఉన్నా పది నిమిషాలు ఆగండి. దీన్ని దూరం నుంచి చూస్తేనే అందం.

ఐదో పని: పియెంజా, ఒంటిగంటకి బల్ల దగ్గర

14 కిలోమీటర్లు, 20 నిమిషాలు. ఈ రోజంతటికీ కాపలా కాయాల్సిన గడియారం ఒక్కటే: వంటగదులు మధ్యాహ్నం పన్నెండున్నరకి తెరిచి రెండున్నరకి మూసేస్తాయి. మళ్లీ రాత్రి ఏడున్నరకే. మేం మొదటిసారి మూడు దాటాక ఊళ్లో దిగాం. ఎవరూ ప్లేటు పెట్టలేదు. ఒక జున్ను కొట్టులో ఆవిడ రొట్టె కోసి మధ్యలో జున్ను పెట్టి ఇచ్చింది, అరుగు మీద కూర్చుని తిన్నాం. రుచి బాగుంది, కోపం పోలేదు. ఒంటిగంటకి బల్ల ముందే చెప్పి ఉంచుకోండి.

శాకాహారులు ఇక్కడ పస్తులుండరు. పీచి అనే నూడుల్స్‌ని పిండి, నీళ్లతో కలిపి చేత్తో ఒక్కొక్కటీ దారంలా పేనుతారు, స్పగెట్టీ కంటే లావుగా ఉంటాయి. "పీచి అల్ అలియోనె" అడగండి: టమాటా, కియానా లోయలో పండే పెద్ద వెల్లుల్లి. ఆ వెల్లుల్లి రెబ్బలు చూస్తే మన వెల్లుల్లి పిల్లలా ఉంటుంది, ఘాటు మాత్రం తక్కువ. "అల్లె బ్రిచోలె" అంటే వేయించిన రొట్టె పొడితో. "రగూ", "చింగియాలె" అన్న మాటలుంటే అది మాంసం, రెండోది అడవి పంది. గొడ్డు మాంసం తిననివాళ్లు "కియానీనా" అన్న పేరు గుర్తుపెట్టుకోండి, ఆ లోయ పశువుల జాతి అది. టస్కనీ రొట్టెలో ఉప్పు ఉండదు. వంటవాడు మరిచిపోలేదు, తరతరాల అలవాటు. బిల్లులో "కొపెర్తో" అని మనిషికి రెండు మూడు యూరోలు కనిపిస్తే అది బల్ల ఖర్చు, గొడవ పడకండి.

జున్ను సంగతి. పియెంజా పెకొరీనో గొర్రె పాలది. లేతది తెల్లగా మెత్తగా, పాల తీపితో ఉంటుంది. ముదిరింది పసుపెక్కి, కత్తి పెడితే పెళుసుగా విరుగుతుంది, నాలుక చివర కొంచెం కారంగా తగులుతుంది. వీధి పొడుగునా కొట్ల ముందు ముక్కలు కోసి పెడతారు. లేతది, మధ్యది, ముదిరింది వరుసగా తిని, నచ్చింది వాక్యూమ్ ప్యాకింగ్ చేయించుకోండి. కచ్చితమైన శాకాహారులు ఒక్క మాట అడగాలి: పాలు విరగ్గొట్టే "కాలియో" చాలావాటిలో జంతువుల నుంచి తీసినది. "కాలియో వెజెతాలె" అన్నవి కొన్ని దొరుకుతాయి.

ఇక ఊరి కథ. 1459 దాకా ఇది కొర్సిన్యానో అనే చిన్న పల్లె. ఇక్కడ 1405లో పుట్టిన ఏనెయా సిల్వియో పికొలోమీని 1458లో రెండో పియస్ పేరుతో పోప్ అయ్యాడు. మరుసటి ఏడు ఇటుగా వెళ్తూ పుట్టిన ఊరు చూసుకుని, దీన్ని కొత్తగా కట్టాలని నిర్ణయించాడు. శిల్పి బెర్నార్దో రొసెల్లీనో మూడు నాలుగేళ్లలో కూడలి, చర్చి, రాజభవనం నిలబెట్టాడు. ఊరి పేరూ పోప్ పేరు మీదుగా మారింది. అంచనా ఒకటి చెప్పి దానికి ఎన్నో రెట్లు ఖర్చు పెట్టాడని ఫిర్యాదులు వెళ్తే పోప్ శిల్పిని పిలిపించి, నిజం చెప్పి ఉంటే మేం ఒప్పుకునేవాళ్లం కాదు, నువ్వు అబద్ధం చెప్పడమే మంచిదైంది అని మెచ్చుకున్నాడట. ఆ మాట పోప్ తన సొంత జ్ఞాపకాల్లో రాసుకున్నదే. ఇల్లు కట్టించిన ఎవరికైనా ఈ కథ నచ్చుతుంది, మేస్త్రీలకి ఇంకా బాగా నచ్చుతుంది.

చర్చి వెనక భాగం కొండవాలు మీద నిలబడింది, కట్టిన కొత్తలోనే కుంగడం మొదలైంది. లోపల వెనక వైపు నడిస్తే నేల వాలడం కాళ్లకే తెలుస్తుంది, గోడల మీద పగుళ్లు కళ్లకి. పక్కనున్న భవనం వెనక వసారా నుంచి వాల్ దోర్చా లోయ, అవతల 1738 మీటర్ల అమియాతా కొండ. టికెట్ కొనే ఓపిక లేకపోతే కోటగోడ వెంట నడిచే బాట ఉంది, అదే దృశ్యం ఉచితం. ఈ ఊరి నడిబొడ్డు 1996లో, లోయ 2004లో యునెస్కో జాబితాలో చేరాయి.

ఇక్కడ వైన్ తాగకండి, సాయంత్రానికి నాలుక మిగుల్చుకోండి.

ఆరో పని: దారిలో కోనేరు

మూడున్నరకి బయల్దేరండి. సాన్ క్విరికో మీదుగా కొద్దిగా దక్షిణానికి తిరిగితే బాన్యో విన్యోని. ఊరి మధ్యలో కూడలి ఉండాల్సిన చోట కోనేరు ఉంటుంది, చుట్టూ రాతి గట్లు, ఇళ్లు. అది వేడి నీటి ఊట. చలికాలం పొద్దున్నే పొగలు లేస్తాయి. అందులో దిగనివ్వరు. ఊరి చివర నీళ్లు కాలవలై పారే చోట మాత్రం కాళ్లు పెట్టుకుని కూర్చోవచ్చు. మోంటెపుల్చానో ఎక్కి వచ్చిన కాళ్లకి అరగంట చాలు. ఆలస్యమై ఉంటే ఈ ఊరు వదిలేయండి. ఈ రోజులో తీసేయదగ్గది ఇదొక్కటే.

ఏడో పని: మోంటల్చీనో, ఎండ వాలేటప్పుడు

ఐదుకి చేరితే బాగుంటుంది. కోట పక్కనే కారు పెట్టే చోటుంది కాబట్టి పొద్దుటిలా ఎక్కే పని లేదు. 1361లో కట్టిన ఐదు మూలల కోట. లోపలి ఆవరణకి టికెట్ లేదు, గోడలెక్కాలంటే కొనాలి. ఇక్కడ మాత్రం కొనండి. పైనుంచి చూస్తే ఉత్తరాన సియెనా వైపు కొండలు, దక్షిణాన మళ్లీ అమియాతా. ఆ కొండే దక్షిణపు గాలివానల్ని అడ్డుకుని ఇక్కడి తోటల్ని కాస్తుంది.

1555లో సియెనా ఫ్లోరెన్స్ వాళ్ల చేతిలో పడినప్పుడు, లొంగని కుటుంబాలు వచ్చి ఈ కోటలో తలదాచుకుని నాలుగేళ్లు తమ గణతంత్రాన్ని ఇక్కడి నుంచే నడిపాయి. 1559లో అదీ ముగిసింది.

బ్రునెల్లో కథ దానికంటే చాలా కొత్తది. 1800ల చివర్లో ఫెర్రుచ్చో బియోందీ సాంతీ సాంజోవేజెని వేరే ద్రాక్షలతో కలపకుండా, ఏళ్ల తరబడి పీపాల్లో ఉంచి చేసే పద్ధతిని నిలబెట్టాడు. ఇప్పటి నియమం కూడా అదే: నూటికి నూరు శాతం సాంజోవేజె, కనీసం రెండేళ్లు చెక్క పీపాలో, పంట కోసిన ఏడాది తర్వాత ఐదో ఏడు జనవరి 1 దాకా అమ్మకూడదు. రిజెర్వా అయితే ఇంకో ఏడాది ఆగాలి. ఐదేళ్లు సరుకు నేలమాళిగలో పెట్టుకుని డబ్బు కోసం ఎదురుచూడటం అంటే రైతు పిల్లలకి ఎవరికైనా ఆ టెన్షన్ తెలుస్తుంది. ఏడాదికే బయటికొచ్చే రోస్సో ది మోంటల్చీనో ఆ ఇబ్బంది నుంచి పుట్టిందే. అవే తోటలు, అదే ద్రాక్ష, ధర మాత్రం బ్రునెల్లోలో సగమో అంతకన్నా తక్కువో. ఇంటికి కొనేది రోస్సో, ఇక్కడ ఒక్క గ్లాసు తాగేది బ్రునెల్లో: నా లెక్క ఇది. కోట లోపలి వైన్ దుకాణంలో గ్లాసు లెక్కన పోస్తారు. పొద్దున మూడు రకాలు రుచి చూశారు కదా, ఇప్పుడు ఒక్క గ్లాసు తీసుకుని ముప్పావు గంట కూర్చోండి. పోసినప్పటి వాసన, అరగంటకి వాసన ఒకటిగా ఉండవు.

తోటల్లో ఉన్న వైనరీకి వెళ్లాలనుకుంటే వారం ముందే మెయిల్ పెట్టి టైమ్ తీసుకోవాలి. దారిలో బోర్డు చూసి లోపలికి వెళ్లిపోవడం ఇక్కడ పద్ధతి కాదు.

చివరి పని: సీసాలు, తిరుగు దారి

కొనేటప్పుడు మెడ దగ్గర ప్రభుత్వం అంటించిన సన్నని చీటీ చూడండి, దాని మీద డీఓసీజీ (ఇటలీ వైన్లకి ఇచ్చే అన్నిటికన్నా పై గుర్తింపు) అన్న అక్షరాలు, వరుస సంఖ్య ఉంటాయి. బ్రునెల్లో, వీనో నోబిలె రెండూ ఆ గుర్తింపు 1980లో పొందాయి. ఇండియాకి వచ్చేటప్పుడు మనిషికి రెండు లీటర్ల దాకా సుంకం లేదు. అంటే మామూలు సీసాలు రెండు. మూడోది పెడితే గీత దాటుతుంది. సీసాకి రెండు జీన్స్ ప్యాంట్లు చుట్టి, పెట్టె మధ్యలో పెట్టి చెక్-ఇన్ చేయండి. తెల్ల చొక్కాలు చుట్టకండి. ఎండాకాలం కారు డిక్కీలో మాత్రం గంటల తరబడి వదలొద్దు, ఐదేళ్లు చల్లగా పెంచినదాన్ని ఒక్క మధ్యాహ్నంలో ఉడకబెట్టినట్టే.

తిరుగు దారి బువొన్‌కొన్వెంతో మీదుగా సియెనాకి 40 కిలోమీటర్లు, అక్కడి నుంచి ఫ్లోరెన్స్‌కి సుమారు 75. ఏడింటికి దిగితే తొమ్మిదికి చేరతారు. చీకటిపడ్డాక అడవి పందులు, జింకలు రోడ్డుకి అడ్డం వస్తాయి, మొదటి 20 కిలోమీటర్లు నెమ్మదిగా పోనివ్వండి.

బయల్దేరే ముందు ఆ దుకాణంలోనే 375 మిల్లీలీటర్ల సగం సీసా ఉందేమో అడగండి. అది రోజంతా తాళం పట్టుకున్న మనిషిది. ఒకవేళ ఆ మనిషి అసలు తాగని బావగారైతే పియెంజాలోనే ముదురు పెకొరీనో ఒక గుండ్రం విడిగా కట్టించి ఉంచండి. హోటల్‌కి వచ్చి చెప్పులు విప్పాక ఇవ్వండి.